చిన్న కారు ఇంజిన్‌తో స్పోర్ట్స్ కారు: ఏది అప్పు తేవాలి, ఏది తేకూడదు

పోయిన ఎపిసోడ్ కింద ఒకే ప్రశ్న రకరకాలుగా వచ్చింది. "అన్నా, పన్నెండు పదిహేను లక్షల్లో మనకు ఒక అసలైన స్పోర్ట్స్ కారు ఎందుకు లేదు? ఇంజిన్ వెనక ఉండేది, రెండే సీట్లుండేది?" కొంతమంది అక్కడితో ఆగకుండా స్కెచ్‌లు కూడా పంపించారు. బాగున్నాయి. మొహమాటానికి అనడం లేదు, నిజంగానే బాగున్నాయి. కానీ దాదాపు అన్నిట్లోనూ ఒక సంగతి కనిపించింది. బొమ్మంతా గీయడం అయిపోయాక, ఇంజిన్‌కి ఎక్కడ చోటు మిగిలిందా అని వెతుక్కున్నట్టుంది. అసలు పని అటు నుంచి మొదలవదు. ఇంజిన్ ఎక్కడిది, దాన్ని ఏ కారు నుంచి తెస్తున్నాం, ఎలా పెడుతున్నాం, ఇది తేలితేనే బొమ్మ. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. కొంచెం పొడుగు ఎపిసోడ్, ఓపిక పట్టండి.

ముందు మిడ్-ఇంజిన్ అంటే ఏంటో ఒక్క మాటలో. ముందు చక్రాల ఇరుసుకీ, వెనక చక్రాల ఇరుసుకీ మధ్యలో ఇంజిన్ బరువు ఉంటే అది మిడ్-ఇంజిన్. ఈ లెక్కన చూస్తే మన మారుతి ఓమ్ని వ్యాన్‌లో ముందు సీట్ల కింద ఇంజిన్, వెనక చక్రాలకి పవర్. అంటే స్కూలు పిల్లల్నీ, కూరగాయల బుట్టల్నీ మోసిన ఆ డబ్బా బండికి కూడా ఆ పేరు వర్తిస్తుంది. నవ్వుకోండి, కానీ గుర్తుపెట్టుకోండి. మిడ్-ఇంజిన్ అనేది ఖరీదుకి గుర్తు కాదు. బరువు ఎక్కడ పెట్టామన్నదే విషయం.

బరువు మధ్యలో ఉంటే లాభం ఏంటి? కావడి చూశారు కదా. కర్రకి రెండు చివర్లా రెండు బిందెలు. అది భుజాన వేసుకుని గబుక్కున పక్కకి తిరగండి చూద్దాం. మొదట కర్ర కదలదు. కదిలాక ఆగదు, మిమ్మల్నే లాక్కుపోతుంది. అదే బరువుని మూట కట్టి వీపుకి ఆనించుకుంటే? ఎటు కావాలంటే అటు టక్కున తిరుగుతారు. బరువు అంతే, మోసేది మీరే, మారింది బరువు ఉన్న చోటు. కారుకీ అంతే. ముందు బానెట్ కింద ఇంజిన్, వెనక డిక్కీలో సామాను ఉంటే కావడి. ఇంజిన్, మనుషులు, పెట్రోల్ ట్యాంక్ అన్నీ మధ్యకి చేరిస్తే మూట. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. పైగా వెనక చక్రాల మీద బరువు ఉంటుంది కాబట్టి పికప్‌లో టైర్లు జారవు. బ్రేక్ వేస్తే భారమంతా ముందు చక్రాల మీదే పడదు.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, అది దాచకూడదు. టక్కున తిరిగేది టక్కున గిర్రుమని కూడా తిరుగుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే బరువు ముందుకి పోతుంది, వెనక టైర్లు తేలికైపోతాయి, కారు బొంగరం అవుతుంది. దీని గురించి మళ్ళీ వస్తాను. ఇంకోటి, ఊళ్ళో నలభై స్పీడులో వెళ్తుంటే ఈ తేడా మీకు తెలియదు. ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది, ట్రాక్ మీద బాగా తెలుస్తుంది.

సరే, ఇప్పుడు డబ్బు సంగతి. కొత్త ఇంజిన్, కొత్త గేర్‌బాక్స్ తయారు చేయడం మామూలు ఖర్చు కాదు. ఒక స్పోర్ట్స్ కారు కోసం అంత పెడితే ఆ కారు ఫెరారీ ధరకి పోతుంది. మరి చవగ్గా ఎలా? ఇక్కడే అరవైల చివర్లో యూరప్ వాళ్ళు పట్టిన కిటుకు ఉంది. చాలా అందమైన కిటుకు.

మన రోడ్ల మీద తిరిగే హ్యాచ్‌బ్యాక్‌లన్నీ దాదాపు ఒకే పద్ధతి. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, దాని పక్కనే గేర్‌బాక్స్, అందులోనే డిఫరెన్షియల్, అక్కడి నుంచి రెండు డ్రైవ్‌షాఫ్ట్‌లు ముందు చక్రాలకి. అంతా ఒకే పార్శిల్. ఇప్పుడు ఆ పార్శిల్‌ని మనసులో పట్టుకోండి. తిప్పొద్దు, ఉన్నది ఉన్నట్టుగా వెనక్కి జరపండి. ముందు చక్రాల మధ్య నుంచి తీసి వెనక చక్రాల మధ్య పెట్టండి. ఏమైంది? హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజిన్ బరువు ఎక్కువగా ముందు ఇరుసుకి ఇంకా ముందు వేలాడుతూ ఉంటుంది. ఇప్పుడు అదే ఇంజిన్ వెనక ఇరుసుకి ముందు ఉంది. అంటే రెండు ఇరుసుల మధ్యలోకి వచ్చేసింది. సీట్ల వెనకాలే. ఒక్క పళ్ళచక్రం కూడా మార్చకుండా మీకు మిడ్-ఇంజిన్, రియర్-వీల్ డ్రైవ్ దొరికింది.

తిప్పొద్దు అని ఎందుకన్నానంటే, చోటు సరిపోలేదని ఆ పార్శిల్‌ని అటు నుంచి ఇటు తిప్పి పెట్టారనుకోండి, చక్రాలు వెనక్కి తిరుగుతాయి. ఐదు రివర్స్ గేర్లు, ఒక ముందు గేరు. స్కెచ్‌లో ఇది కనిపించదు, వర్క్‌షాప్‌లో కనిపిస్తుంది.

ఈ కిటుకుని ఎక్కువమందికి పరిచయం చేసిన కారు ఫియట్ ఎక్స్ 1/9. ఇటలీలో బెర్తోనే అనే డిజైన్ సంస్థ ఉండేది. అక్కడ డిజైనర్ మార్చెల్లో గాందీనీ. పేరు విని మనవాడనుకోకండి, తూరిన్ ఊరాయన. లంబోర్గిని మియురా, కౌంటాష్, లాన్చియా స్ట్రాటోస్, ఇవన్నీ ఆయన గీసినవే. అంత పెద్ద పేరున్న మనిషి 1969 తూరిన్ మోటార్ షోలో ఆటోబియాంకి రనబౌట్ అని ఒక చిన్న కాన్సెప్ట్ పెట్టారు. చూస్తే మోటార్ బోటులా ఉంటుంది. దాని ఆలోచనే 1972లో రోడ్డు మీదకి ఎక్స్ 1/9 అయి వచ్చింది. ఇంజిన్ ఎక్కడిది? ఫియట్ 128ది. 128 అంటే అప్పట్లో ఇటలీలో మామూలు కుటుంబాలు కొనుక్కునే కారు. 1290 సీసీ, 75 హార్స్‌పవర్. అంతే. ఇవాళ మన దగ్గర సాధారణ హ్యాచ్‌బ్యాక్ కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది.

కానీ ఆ కారులో నాకు నచ్చేది ఇంజిన్ కాదు, సర్దుడు. ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక ఒక పక్క స్పేర్ టైరు, ఇంకో పక్క పెట్రోల్ ట్యాంక్, వాటి వెనక ఇంజిన్. ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. పైకప్పు ముక్క తీస్తే అది ముందు డిక్కీలో పడుకుంటుంది. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. రైలు ప్రయాణానికి మన అమ్మలు పెట్టె సర్దినట్టు, ఒక్క అంగుళం కూడా ఊరికే పోనివ్వలేదు. ట్యాంక్ మధ్యలో ఉంది కాబట్టి పెట్రోల్ నిండుగా ఉన్నా, ఖాళీ అయినా కారు తూకం పెద్దగా మారదు. 1978లో 1500 సీసీ ఇంజిన్, ఐదు గేర్లు ఇచ్చారు. చివరి ఏళ్ళలో బెర్తోనే పేరుతోనే అమ్మారు. 1989 దాకా నడిచింది. మొత్తం దాదాపు 1,60,000 కార్లు. స్పోర్ట్స్ కారుకి అది చిన్న సంఖ్య కాదు.

ఇంతవరకూ వింటే చాలా తేలిక అనిపిస్తుంది. ఇంజిన్ తెచ్చాం, వెనక పెట్టాం, అయిపోయింది. అందుకే ఇప్పుడు అమెరికా కథ చెప్పాలి. ఈ ఎపిసోడ్‌లో మీరు ఒకటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పాంటియాక్ ఫియెరో. జనరల్ మోటార్స్ వాళ్ళది. ఎనభైల మొదట్లో ఆ కంపెనీలో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అంటే కార్వెట్ ఒక్కటే. ఇంకోటి చేస్తామంటే పైవాళ్ళు ఒప్పుకునే పరిస్థితి లేదు. అందుకని ఫియెరో టీమ్ ఒక తెలివైన పని చేసింది. ఇది స్పోర్ట్స్ కారు కాదండీ, ఆఫీసుకి వెళ్ళొచ్చే చిన్న కారు, మైలేజ్ బాగా ఇస్తుంది అని చెప్పి అనుమతి తెచ్చుకుంది. ప్రాజెక్టుకి నాయకత్వం వహించింది హుల్కి అల్దికాచ్తి అనే ఇంజినీర్. బడ్జెట్ మాత్రం చాలా తక్కువ. తక్కువ బడ్జెట్ అంటే ఏంటి? ఇంట్లో ఉన్న సామానుతోనే వంట.

వెనక భాగానికి షెవర్లే సైటేషన్ అనే ఫ్రంట్-వీల్ డ్రైవ్ కారు ముందు భాగం మొత్తం తెచ్చేశారు. ఇంజిన్, గేర్‌బాక్స్‌తో ఆగలేదు, సస్పెన్షన్ కూడా అదే. ముందు చక్రాల సస్పెన్షన్ కదా, దానికి స్టీరింగ్ రాడ్లు ఉంటాయి. వెనక చక్రాలు తిరగకూడదు కాబట్టి ఆ రాడ్ల రెండో చివరని ఫ్రేమ్‌కి కదలకుండా బిగించేశారు. ముందు చక్రాలకేమో షెవెట్ అనే చవకైన చిన్న కారు సస్పెన్షన్. ఇది మామూలు సర్దుబాటులా కనిపిస్తుంది. రోడ్డు మీద ఏమవుతుందంటే, వెనక చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడల్లా ఆ బిగించిన రాడ్డు వల్ల చక్రం కొద్దిగా పక్కకి మళ్ళుతుంది. స్టీరింగ్ మీరు తిప్పలేదు, కారు వెనక నుంచి తనంతట తనే తిప్పుకుంటోంది. మిడ్-ఇంజిన్ కారు కొనేదే మలుపుల్లో నమ్మకం కోసం. ఆ నమ్మకమే పోతే ఇంకేముంది?

అయినా 1984లో బయటికి రాగానే జనం ఎగబడ్డారు. బేస్ మోడల్ 7,999 డాలర్లు. మొదటి మోడల్ సంవత్సరంలోనే 1,36,840 కార్లు తయారయ్యాయి. చూడ్డానికి ఫెరారీకి చిన్న తమ్ముడిలా ఉంటుంది, ధర మామూలు కారుది, ఎవరు కాదంటారు? ఇంజిన్ 2.5 లీటర్లు, 92 హార్స్‌పవర్. అవును, రెండున్నర లీటర్లకి 92. స్పోర్ట్స్ కారు బట్టలేసుకున్న ఆఫీసు కారు అని విమర్శకులు వేళాకోళం చేశారు. తర్వాత వీ6 ఇచ్చారు. అది కాదు అసలు దెబ్బ. ఆ 1984 కార్లలో కొన్నిటికి ఇంజిన్ ఆయిల్ తగ్గినప్పుడు కనెక్టింగ్ రాడ్ విరిగి, బ్లాక్ పగిలి, ఆయిల్ వెళ్ళి వేడి ఎగ్జాస్ట్ మీద పడి మంటలు లేచాయి. కార్లు వెనక్కి పిలిపించి బాగు చేశారు. కానీ కాలిపోయే కారు అని ఒకసారి పేరు పడ్డాక ఆ పేరు పోదు కదా.

ఇంజినీర్లు ఊరుకోలేదు. కొట్లాడి కొట్లాడి 1988 మోడల్‌కి సొంత సస్పెన్షన్ చేసుకున్నారు. అరువు తెచ్చింది కాదు, ఈ కారు కోసమే గీసింది. నడిపినవాళ్ళు ఇదీ మొదటి రోజు నుంచి రావాల్సిన ఫియెరో అన్నారు. అదే సంవత్సరం కంపెనీ కారుని ఆపేసింది. మొత్తం 3,70,168 కార్లు. బాగుపడ్డ ఏడాదే మూత. నాకైతే కార్ల చరిత్రలో ఇంతకంటే బాధపెట్టే కథ తక్కువే.

మరి ఎక్స్ 1/9 కూడా అప్పు తెచ్చిందే, ఫియెరో కూడా అప్పు తెచ్చిందే. తేడా ఎక్కడ? పవర్ వచ్చే భాగాన్ని అప్పు తెస్తే ఫరవాలేదు. ఇంజిన్‌కి తను ముందున్నానా వెనకున్నానా అని పట్టింపు లేదు. కానీ చక్రాన్ని పట్టుకునే భాగానికి పట్టింపు ఉంది. సస్పెన్షన్ కొలతలు ఆ కారు బరువుని బట్టి, ఆ బరువు ఉన్న చోటుని బట్టి రావాలి. వేరే కారు కోసం గీసిన కొలతలు ఇక్కడ అబద్ధాలు చెప్తాయి. నట్లు, బేరింగులు, బ్రేక్ డిస్కులు బజార్లో దొరికేవే వాడండి. వాటిని కలిపే చేతుల పొడవు, కోణం మాత్రం మీవే అయ్యుండాలి. డబ్బు తక్కువుంటే బాడీ మీద, లోపలి సోకుల మీద తగ్గించండి, ఇక్కడ కాదు.

అదే 1984లో జపాన్‌లో టొయోటా ఎంఆర్2 వచ్చింది. అదే పద్ధతి. కరోలా కుటుంబం నుంచి 1.6 లీటర్ ఇంజిన్, ఒక టన్ను దగ్గర బరువు. నాలుగు మూలలా మామూలు స్ట్రట్‌లే, ఖరీదైనవేమీ కాదు, కానీ కొలతలు ఈ కారువి. జపాన్‌లో ఆ ఏడాది కార్ ఆఫ్ ది ఇయర్ అదే. ఇందాక బొంగరం అన్నాను కదా, అది ఈ కుటుంబంలోనే బాగా తెలిసొచ్చింది. 1989లో వచ్చిన రెండో తరం ఎంఆర్2 పెద్దదైంది, పవర్ పెరిగింది. అనుభవం లేనివాళ్ళు మలుపులో కాలు తీసేసి తిరగబడిపోయేవారు. 1992 మోడల్‌కి సస్పెన్షన్, టైర్ల కొలతలు మార్చాల్సి వచ్చింది. టొయోటా అంతటి కంపెనీకే తప్పలేదు. అందుకే చవక స్పోర్ట్స్ కారు అంటే కొనేది ఎవరు అని ముందే ఆలోచించాలి. కొనేది ఇరవై మూడేళ్ళ కుర్రాడు, మొదటి కారు, వానలో నడుపుతాడు. ఫెరారీ కొనేవాడికంటే వీడికే ఎక్కువ క్షమించే కారు కావాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మీలో చాలామందికి తెలిసిన పేరే, టాటా రేసెమో. 2017 మార్చిలో జెనీవా మోటార్ షోలో పెట్టారు. అప్పుడే మొదలుపెట్టిన టామో అనే విభాగం కింద వచ్చింది. నేను ఆ కారు కొలతలు చూసినప్పుడు ముందు డిజైన్ చూడలేదు, ఆ లెక్క చూసి నవ్వుకున్నాను. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, మూడు సిలిండర్ల రెవోట్రాన్, అంటే నెక్సాన్‌లో వచ్చిన ఇంజిన్ కుటుంబమే. నెక్సాన్‌లో అది మొదట్లో 110 పీఎస్ ఇచ్చింది, ఇక్కడ 190 దాకా లాగారు. సీట్ల వెనక పెట్టారు. సున్నా నుంచి వంద ఆరు సెకన్లలోపే అన్నారు. పొడవు 3,835 మిల్లీమీటర్లు, ఎత్తు 1,208, వీల్‌బేస్ 2,430.

ఇందులో లెక్క ఎక్కడుందో గమనించారా? మన దేశంలో చిన్న కారు అనే పన్ను గీత రెండు కొలతల మీద ఉంది. పొడవు నాలుగు మీటర్లలోపు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీలోపు. ఈ రెండు గీతల్లో ఏది దాటినా పన్ను పెరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అయితే గీతలోపల 18 శాతం, దాటితే 40 శాతం. రేసెమో రెండు గీతల లోపలే ఉంది. అంటే చట్టం కళ్ళకి అది టియాగో లాంటి చిన్న కారే! వెనక సీటు లేదు కాబట్టి నాలుగు మీటర్లలో స్పోర్ట్స్ కారు పట్టించడం కష్టం కూడా కాదు. మీరు స్కెచ్ మొదలుపెట్టేటప్పుడు కాగితం మీద ముందు 3,990 దగ్గర ఒక నిలువు గీత గీసుకోండి. దాన్ని ముట్టుకోవద్దు. మీ కారు పదిహేను లక్షలదా ఇరవై లక్షలదా అన్నది చాలావరకూ ఆ గీతే తేలుస్తుంది.

ఇంకో విశేషం. రేసెమో అడుగు నిర్మాణానికి మోఫ్లెక్స్ అని పేరు పెట్టారు. రకరకాల పదార్థాలని శాండ్‌విచ్‌లా కలిపి చేసేది. ఆ నిర్మాణం మీద పనిచేసినవాళ్ళలో మన గాందీనీ కూడా ఉన్నారు. దాదాపు అర్ధ శతాబ్దం క్రితం ఫియట్ 128 ఇంజిన్‌ని సీట్ల వెనకకి జరిపిన మనిషే, ముసలితనంలో ఒక భారతీయ చిన్న కారు ఇంజిన్ ఉన్న కారుకి అడుగు ఎలా చేయాలో ఆలోచించారు. 2024 మార్చిలో ఆయన చనిపోయారు. మన వార్తల్లో ఈ లింకు ఎక్కడా పెద్దగా రాలేదు, అందుకే చెప్తున్నాను.

అసలు ఆ శాండ్‌విచ్ ఎందుకు? ఇక్కడ ఒక చిన్న లెక్క. ఊరికే గుండ్రని అంకెలు, అర్థం కావడానికి. మామూలు కారు బాడీ స్టీల్ రేకుని పెద్ద పెద్ద అచ్చుల్లో నొక్కి చేస్తారు. ఆ అచ్చులు, వెల్డింగ్ లైను, పరీక్షలు అన్నీ కలిపి 200 కోట్లు అనుకుందాం. 50,000 కార్లు అమ్మితే ఒక్కో కారు మీద 40,000 రూపాయలు పడుతుంది. ఎవరికీ తెలియదు. 2,000 కార్లే అమ్మితే? ఒక్కో కారు మీద పది లక్షలు. ఇంజిన్ ఉచితంగా ఇచ్చినా కారు చవగ్గా రాదు. అందుకే తక్కువ సంఖ్యలో చేసేవాళ్ళు అచ్చులు తక్కువ పట్టే పద్ధతి వెతుక్కుంటారు. ఫియెరో కూడా లోపల స్టీల్ అస్థిపంజరం, పైన ప్లాస్టిక్ తొడుగులు అని పెట్టింది. భారం మోసేది అస్థిపంజరం, తొడుగు అందం కోసం. అందం మార్చాలంటే అస్థిపంజరం ముట్టుకోనక్కర్లేదు.

రేసెమో షోరూమ్‌కి రాలేదు. ఫోర్జా హొరైజన్ 3 వీడియో గేమ్‌లో పెడతామని ప్రకటించారు, అదీ అప్పట్లో పెద్ద వార్త. రోడ్డు మీద మాత్రం నెంబర్ ప్లేటుతో మనకి కనపడలేదు. నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఆ కారు సాంకేతికంగా కష్టమై ఆగలేదు. ఇంజిన్ ఉంది, పన్ను లెక్క ఉంది, నిర్మాణానికి ఆలోచన ఉంది. మన దగ్గర ఇంటికి ఒక కారు. ఆ ఒక్క కారులో అమ్మానాన్న, పిల్లలు, ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా అన్నీ పట్టాలి. రెండు సీట్ల కారు ఎప్పుడూ ఇంటికి రెండో కారే అవుతుంది. రెండో కారుకి పదిహేను లక్షలు పెట్టే ఇళ్ళు ఎన్ని? ఈ ప్రశ్నకి జవాబు పెద్ద సంఖ్య కాకపోతే ఇందాకటి లెక్క కారుని చంపేస్తుంది. 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో డీసీ అవంతి అని ఇంకో మిడ్-ఇంజిన్ కారు వచ్చింది, రెనో టర్బో ఇంజిన్‌తో. అది ముప్పై లక్షలు దాటింది. తక్కువ సంఖ్యలో చేస్తే ధర అక్కడికే చేరుతుంది.

సరే, ధర సంగతి పక్కన పెట్టి మీరు నిజంగా డిజైన్ చేస్తున్నారనుకుందాం. ఇక్కడి రోడ్డుకి, ఇక్కడి ఎండకి. మొదట వేడి. రెంటచింతల ఎండలో, ట్రాఫిక్‌లో, ఇంజిన్ సీట్ల వెనక ఒక గదిలో ఉంది. ముందున్న ఇంజిన్‌కి ఎదురుగాలి తగులుతుంది, దీనికి తగలదు. రేడియేటర్ మాత్రం గాలి కోసం ముందే పెట్టాలి. అంటే నీళ్ళ పైపులు కారు అడుగున ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెళ్ళి రావాలి. అంత పొడుగు పైపుల్లో ఎక్కడో ఒక చోట గాలి బుడగ ఇరుక్కుంటుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. గాలి తీసేయడానికి ఎత్తైన చోట ఒక మరలాంటిది ముందే ఆలోచించి పెట్టాలి. బండి ఆపాక కూడా ఆ గదిలో వేడి అలాగే కూర్చుంటుంది, కాబట్టి ఇంజిన్ ఆగినా ఫ్యాన్ తిరగాలి. తలుపు వెనక గాలి కోసం పెట్టే ఆ రంధ్రాలు మీ స్కెచ్‌లలో చాలా స్టైల్‌గా ఉన్నాయి. కానీ వాటి లోపల నుంచి గాలి ఎక్కడికి పోతుంది, ఎక్కడి నుంచి బయటికి వస్తుంది? బయటికి పోయే దారి లేని రంధ్రం స్టిక్కరుతో సమానం. ఇంజిన్ పీల్చే గాలి దారి మాత్రం పైన ఉంచండి, హైదరాబాద్‌లో ఒక్క గట్టి వాన పడితే ఎందుకో తెలుస్తుంది.

తర్వాత స్పీడ్ బ్రేకర్. మన ఊళ్ళలో ఒక్కోటీ ఒక్కో కొండ. వీల్‌బేస్ పొట్టిగా ఉంటే కారు కడుపు తగలకుండా దాటుతుంది. నీళ్ళ పైపులు కడుపులోంచే పోతున్నాయని మర్చిపోవద్దు. ఆ తర్వాత మెకానిక్. బెల్టు మార్చాలంటే ఇంజిన్ దించాల్సి వస్తే ఆ కారుని మీ ఊరి మెకానిక్ ముట్టుకోడు. సీట్ల వెనక గోడలో విప్పుకునే ఒక పలక పెట్టండి. ఖర్చు చాలా తక్కువ, ఉపయోగం కారు ఉన్నన్నాళ్ళూ.

ఎలక్ట్రిక్ అయితే ఈ గొడవే ఉండదు కదా అని అడుగుతారు, తెలుసు. మోటారు చిన్నదే. బరువంతా బ్యాటరీది. దాన్ని నేల కింద పరిస్తే సీటు పైకి లేస్తుంది, సీటు లేస్తే తల లేస్తుంది, తల లేస్తే కారు ఎత్తు పెరుగుతుంది. 1,208 మిల్లీమీటర్ల ఎత్తున్న కారు అప్పుడు దొరకదు. కిందే పెట్టకుండా బ్యాటరీని సీట్ల వెనక పేర్చితే? మళ్ళీ మన మూట దగ్గరికే వచ్చాం. ఇది వేరే ఎపిసోడ్.

ఒక హెచ్చరిక, ముఖ్యంగా బీటెక్ వాళ్ళకి. పాత హ్యాచ్‌బ్యాక్ కొని, కోసి, ఇంజిన్ వెనక పెట్టి రోడ్డెక్కుదామని ప్లాన్ వేయకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పోలీసుల సంగతి అలా ఉంచండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. వెల్డింగ్ ఒక్క చోట ఊడితే పక్కవాడి ప్రాణం.

చేతులు ఊరికే ఉండవు అనుకుంటే దారి ఉంది. కోయంబత్తూర్ కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ చూడండి. కాలేజీ టీములు సొంతంగా కారు గీసి, చేసి, తెచ్చి పోటీ పడతాయి. ఫార్ములా స్టూడెంట్ రూల్స్ ప్రకారం పెట్రోల్ ఇంజిన్ 710 సీసీ మించకూడదు, కాబట్టి ఎక్కువమంది బైక్ ఇంజిన్ తెచ్చుకుంటారు. దాన్ని పెట్టేది ఎక్కడ? డ్రైవర్ వీపు వెనక, వెనక చక్రాలకి ముందు. అప్పు తెచ్చిన ఇంజిన్, సొంత సస్పెన్షన్, చవకైన మిడ్-ఇంజిన్ కారు! అక్కడ జడ్జీలు మీ కారు స్పీడుతో పాటు ఖర్చు లెక్క కూడా అడుగుతారు, ఈ భాగం ఎందుకు ఇలా చేశావు అని కూర్చోబెట్టి అడుగుతారు. మీ కాలేజీలో టీమ్ ఉందేమో కనుక్కోండి, లేకపోతే సీనియర్లని పట్టుకోండి.

ఈ వారం పని చెప్తాను. ఎదుటి నుంచి కనిపించే బొమ్మ వద్దు, పక్క నుంచి గీయండి. తెల్ల కాగితం, 3,990 గీత. ముందు ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టండి, అందులో ఒకరు ఆరడుగులవాడు. వాళ్ళ వెనక ట్యాంకు, దాని వెనక మీకు నచ్చిన ఏదైనా హ్యాచ్‌బ్యాక్ ఇంజిన్ పార్శిల్, తిప్పకుండా. ముందు రేడియేటర్, దాని పైపులు. స్పేర్ టైరు ఎక్కడ పెడతారో చూపించండి, చాలామంది అక్కడే దొరికిపోతారు. ఇవన్నీ పట్టాక, ఆ తర్వాతే పైన గీత లాగండి. ఫోటో తీసి కామెంట్లలో లింకు పెట్టండి. అందులో నాలుగైదు తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద పెట్టి, బరువు ముందెంత వెనకెంత పడుతుందో కలిసి లెక్క కడదాం. ఉంటాను మరి.